తాడ్వాయి అడవిలో లెక్కల నడక

హన్మకొండ నుంచి ములుగు, పస్రా దాటాక రోడ్డుకు రెండు పక్కలా అడవి చిక్కబడుతుంది. ఈ దారిన లక్షల మంది మేడారం జాతరకు వెళ్తారు. ఇదంతా ఏటూరునాగారం అభయారణ్యమని గమనించేవాళ్లు తక్కువ.

తాడ్వాయి దగ్గర ఒక బీట్ ఆఫీసర్, కోయ వాచర్ వెంట తెల్లవారుతూనే లైను మీద నడిచాను. లైను అంటే అడవిలో తిన్నగా గీసుకున్న రెండు కిలోమీటర్ల బాట. నడుస్తుండగా వాచర్ చెయ్యెత్తి ఆపాడు. మద్దిచెట్ల నడుమ దుప్పుల గుంపు! ఆఫీసర్ రేంజ్‌ఫైండర్‌తో దూరం చూశాడు: 40 మీటర్లు. దిక్సూచిలో బాటకూ గుంపుకూ మధ్య కోణం 30 డిగ్రీలు. అంటే గుంపు మా బాటకు 20 మీటర్ల పక్కగా ఉంది. అసలు గణితమంతా ఆ 20లోనే ఉంది. బాట మీదున్న జంతువు కంటపడకుండా పోదు. పక్కకు జరిగేకొద్దీ పొదల చాటున తప్పిపోతుంది. ఎంత దూరంలో ఎన్ని కనబడ్డాయో చాలా నడకల్లో రాసుకుంటే, కనబడనివి ఎన్నో అంచనా దొరుకుతుంది. చదరపు కిలోమీటరుకు ఎన్ని దుప్పులో తేలుతుంది.

మిగిలిన దారంతా ఖాళీ.

"ఇక్కడేం రాస్తరన్నా?" అనడిగాను.

"ఏం కనవడలేదనే రాయాలె సార్. రాయకుంటే లెక్క తప్పయితది" అన్నాడు వాచర్. ఆ మాటలోని నిజాయితీకి నాకు గౌరవం కలిగింది.

నిజాయితీ లేని లెక్క ఏం చేస్తుందో రాజస్థాన్‌లోని సరిస్కా చూపించింది. పాదముద్రల లెక్క ప్రకారం పులులున్న ఆ అడవిలో ఒక్కటీ మిగల్లేదని 2005లో బయటపడింది. ఆ తర్వాత దేశమంతా కెమెరాల పద్ధతికి మారింది. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు కాబట్టి, ఫొటోలో మళ్లీ మళ్లీ పడినవెన్ని, కొత్తగా పడినవెన్ని అన్నదాన్ని బట్టి మొత్తం అంచనా కడతారు. కర్ణాటకలోని నాగర్‌హోళెలో పులుల శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ 1990లలోనే ఇలా చేసి చూపించారు. 2022 గణనలో దేశంలో 3,682 పులులు, తెలంగాణలో 21.

ఏటూరునాగారానికి గోదావరి దాటి అప్పుడప్పుడు పులి వస్తుంది. అది నిలవాలంటే దుప్పి, కణితి, అడవిదున్న సరిపడా ఉండాలి. అందుకే నాకు పులి ఫొటో కన్నా ఈ దుప్పుల లెక్కే ముఖ్యమనిపిస్తుంది. 2024 ఆగస్టు 31న గాలివాన ఇదే తాడ్వాయి అడవిలో వేల చెట్లను కూల్చింది. దాంతో జంతువులు ఎటు జరిగాయో చెప్పాలంటే ముందటి లెక్కా ఉండాలి, తర్వాతి లెక్కా ఉండాలి. పులుల గణన నాలుగేళ్లకోసారి సరే, ఈ లైన్లను మాత్రం అటవీశాఖ ఏటా నడిపించాలి. వచ్చిన ఫలితాన్ని తెలుగులో, అడవి అంచున ఉన్న ప్రతి గూడెం గ్రామసభలోనూ చదివి వినిపించాలి.