బొమ్మకంటే ముందు బాట

డెన్వర్ దాటాక ఐ-70 రోడ్డు కొండల్లోకి ఎక్కుతూనే ఉంటుంది. పదకొండు వేల అడుగుల ఎత్తులో ఐసెన్‌హోవర్ సొరంగం వస్తుంది. 1973లో తెరిచారు. కొండ కడుపులోంచి రెండున్నర కిలోమీటర్లకు పైగా పోతే అవతలి ప్రపంచం. అక్కడ ఎండ చురుక్కుమంటున్నా గాలి చల్లగా, పలచగా తగిలింది. "అత్తా, నీళ్లు తాగుతూ ఉండు, లేకపోతే తలనొప్పి పట్టుకుంటుంది" అని కారు నడుపుతున్న మేనకోడలు పదేపదే హెచ్చరించింది. మేం వెళ్తున్నది బ్రెకెన్‌రిడ్జ్ అనే కొండ ఊరికి, అక్కడి చెట్ల మధ్య కూర్చున్న ఒక చెక్క ట్రోల్‌ని చూడటానికి. ట్రోల్ అంటే నార్వే, డెన్మార్క్ జానపద కథల్లో కొండకోనల్లో తిరిగే, మనిషిలాంటి భారీ జీవి.

ఇంత దూరం రావడానికి కారణం మా ఊరి చెరువు. గట్టు మీద పార్కు వేస్తున్నారు. పనికిరాదని పారేసిన సామానుతో అక్కడొక పెద్ద బొమ్మ చేయించాలని మా పార్కు కమిటీలో అందరికీ ఉంది. ఎవరికి పురమాయిద్దాం, ఎంత ఎత్తు ఉండాలి, ఖర్చెంత అనే మాటలే ఇన్నాళ్లూ నడిచాయి. బ్రెకెన్‌రిడ్జ్ ట్రోల్ కథ విన్నాక, ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉందనిపించింది. దాన్ని కళ్లారా చూడాలనుకున్నాను.

ఆ బొమ్మ పేరు ఐజాక్ హార్ట్‌స్టోన్. చేసినవాడు డెన్మార్క్ కళాకారుడు థామస్ డాంబో. సరుకు కింద వేసే ప్యాలెట్లు, కూల్చిన కట్టడాల చెక్క, ఎవరికీ అక్కర్లేని పలకలు, ఇవే అతని ముడిసరుకు. దేశదేశాల్లో వందకు పైగా ఇలాంటి ట్రోల్స్‌ని నిలబెట్టాడు. చాలాచోట్ల ఆ ఊరి జనమే సుత్తులు పట్టుకుని పక్కన చేరతారు. ఈ పద్ధతి నాకు ఎంతో నచ్చింది. మేకు కొట్టిన చేతికి ఆ బొమ్మ మీద మమకారం పుడుతుంది. అలాంటి మమకారం పార్కుకు పెట్టని కాపలా.

2018 వేసవిలో బ్రెకెన్‌రిడ్జ్‌లో జరిగిన కళల పండుగ కోసం ఐజాక్‌ని చేయించారు. పదిహేను అడుగుల ఎత్తు. వెల్లింగ్టన్ అనే కాలిబాట పక్కన, ఇళ్లకు దగ్గర్లో కూర్చోబెట్టారు. ముందు ఆ పాత చోటుకే వెళ్లాం. చుట్టూ గుండ్రటి రాళ్ల గుట్టలు. 1859లో ఇక్కడ బంగారం దొరికింది. ఆ తర్వాత తేలే యంత్రాలతో నది అడుగును తవ్వి, బంగారం ఏరుకుని, రాళ్లను ఇలా కుప్పలు పోశారు. 1942 దాకా ఆ తవ్వకం సాగింది. ఇప్పుడున్న ఇళ్లు ఆ రాళ్ల నేల మీద లేచినవే. ఒక తరం పారేసిన దాని మీద మరో తరం బతకడం ఇక్కడ మామూలు సంగతి. పారేసిన చెక్కతో చేసిన మనిషికి ఇంతకంటే తగిన చోటు ఉండదని ఎవరికైనా అనిపిస్తుంది.

కానీ జనం విరగబడ్డారు. ఫొటోలు చూసి రోజూ వేలమంది వచ్చారు. ఇళ్ల ముందు కార్లు, బాట పక్కన చెత్త, పొద్దుగూకులూ గోల. అక్కడివాళ్లు మొరపెట్టుకున్నారు. చివరికి పట్టణ కౌన్సిల్ ఓటు వేసి, అదే ఏడాది నవంబరులో బొమ్మను రంపాలతో కోసి తీయించేసింది. ఆ సందులో నిలబడి చూస్తే ఎవరినీ తప్పుపట్టాలనిపించలేదు. ఇంత ఇరుకు వీధి వేలమందిని ఎలా మోస్తుంది?

ఆ తర్వాత ఊరు చేసిన పని నాకు గొప్పగా కనిపించింది. మళ్లీ బొమ్మ కావాలనుకున్నారు, కానీ ఈసారి చోటు వెతకడం మొదటి పని అయింది. ఐస్ స్కేటింగ్ అరీనా దగ్గర, ఉచిత బస్సు ఆగేచోట, ఇళ్లకు దూరంగా స్థలం చూశారు. ట్రోల్స్టిగెన్ అనే చిన్న కాలిబాట వేశారు. 2019లో డాంబో తిరిగి వచ్చి ఐజాక్‌ని మళ్లీ కట్టాడు.

మేం కూడా బస్సెక్కే వెళ్లాం. దిగి, చెట్ల మధ్య కాసేపు నడిస్తే చాలు, మలుపులో ఎదురవుతాడు. దగ్గరికి వెళ్లి పలకల్నే చాలాసేపు చూశాను. ఒక్కోటీ ఒక్కో రంగు. కొన్నిటికి పాత మేకుల తూట్లు. ఎండకూ మంచుకూ చెక్క బూడిదరంగుకు తిరిగింది. దానికి రంగు పూసి కొత్తగా ఉంచాలనుకోకపోవడమే సరైనదని నా అభిప్రాయం. ఒక పెద్దాయన తన మనవణ్ణి ఐజాక్ పాదం పక్కన నిలబెట్టి, ఎంత ఎత్తుకు వచ్చాడో చూసుకుంటున్నాడు. పిల్లలు పరిగెత్తుతున్నారు, అరుస్తున్నారు. ఆ అరుపులకు ఇబ్బందిపడే కిటికీ ఒక్కటీ అక్కడ లేదు.

మా చెరువులో ఇబ్బందిపడేవి పక్షులు. అవి గూళ్లు కట్టే తుమ్మచెట్లు తూర్పు గట్టున ఉన్నాయి. అందంగా ఉంటుందని కమిటీ బొమ్మకు గుర్తించిన చోటూ అదే. జనం దృష్టిని లాగేది ఏదైనా అక్కడ పెడితే పక్షులు మళ్లీ రావు. బొమ్మ పడమటి వైపు, బస్టాండు దగ్గర ఉండాలి. వచ్చినవాళ్లు అక్కడే ఆగి, ఆడుకుని, తృప్తిపడి వెళ్లాలి. గూళ్లవైపు వెళ్లేవాళ్లు తగ్గాలి.

సామాను సంగతీ డెన్వర్‌లో కొంత తెలుసుకున్నాను. ప్యాలెట్ల మీద ముద్రలుంటాయి. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసిన చెక్క. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది, దాన్ని పిల్లలు తాకే బొమ్మకు వాడకూడదు. అయినా మన చెదపురుగుల ముందు ప్యాలెట్ చెక్క ఎన్నాళ్లు నిలుస్తుంది? మనకు పాత ఇళ్లు కూల్చినప్పుడు దొరికే చేవదేరిన తాటి దూలాలున్నాయి. కలప అడితిల్లో వాటిని అడిగే నాథుడు లేడు. పాత ఇనుముకైతే తెనాలి ఉండనే ఉంది. నట్లు, బోల్టులు, సైకిల్ గొలుసులతో అక్కడి శిల్పులు నిలువెత్తు విగ్రహాలు చేస్తున్నారు. వైశాఖపు ఎండలో ఇనుము కాలుతుంది కాబట్టి, వేపచెట్టు నీడ ఉంటేనే దాని జోలికి పోవాలి.

ఐజాక్‌ని చూసొచ్చిన రాత్రే కమిటీకి ఉత్తరం రాశాను. ఉన్న డబ్బులో మొదటి భాగం బస్టాండు నుంచి వేసే బాటకు తీయండి. పక్షులు గూళ్లలో ఉన్న నెలల్లో తూర్పు గట్టు మూసేద్దామని పంచాయతీతో తీర్మానం చేయించండి. బొమ్మ శిథిలమయ్యాక దాన్ని ఎవరు విప్పాలి, సామాను ఎటు పోవాలి అన్నది ఇప్పుడే కాగితం మీద పెట్టండి. ఈ మూడూ తేలాక అందరం కలిసి తెనాలి వెళ్లి శిల్పులతో మాట్లాడదాం అన్నాను.