కమల వేసిన ప్రశ్న

వేసవి సెలవుల్లో మా కాలనీ పిల్లలకు నటన నేర్పుతుంటాను. ఈసారి వచ్చినవాళ్లంతా తొమ్మిది, పది తరగతుల వాళ్లు. పాత నాటకాల్లోంచి వాళ్లకు తగిన సన్నివేశాలు ఏరాలి. 'కన్యాశుల్కం'లో గిరీశం, వెంకటేశంల ఘట్టం గురించి ఆలోచించే పనే లేదు. 1892లో తొలిసారి ఆడిన నాటకమైనా, గిరీశం గొప్పలు కోస్తుంటే పిల్లలు ఇప్పటికీ పడీపడీ నవ్వుతారు.

చిక్కంతా కాళ్లకూరి నారాయణరావుగారి 'వరవిక్రయం'తోనే. కట్నం పెళ్లి ఇష్టంలేక అందులో కాళింది ప్రాణం తీసుకుంటుంది. 1939లో ఆ నాటకం సినిమాగా వచ్చినప్పుడు భానుమతి తొలిసారి తెరమీద కనిపించింది ఆ పాత్రలోనే. నటించడానికి ఎంతో ఉన్న పాత్ర. కానీ పదిహేనేళ్ల పిల్లతో చావును గొప్పగా చూపించడానికి మనసొప్పలేదు. అందుకే కాళింది చెల్లెలు కమలను ఎంచుకున్నాను. డబ్బిచ్చి కొనుక్కున్నాం కాబట్టి మొగుడే మా ఇంటికి రావాలంటుంది ఆ గడుగ్గాయి.

రిహార్సల్ మధ్యలో కమల వేషం వేస్తున్న అమ్మాయి ఆగి, "ఆంటీ, మీ పెళ్లికి కట్నం ఇచ్చారా?" అంది. అందరూ నావైపే చూశారు.

"ఇచ్చారమ్మా. మా నాన్న రెండెకరాలు అమ్మారు. 1961 నుంచే అది నేరమని నాకు తెలుసు. అయినా నోరెత్తలేదు" అన్నాను.

ఆ పిల్ల ఏమీ అనలేదు. డైలాగు మళ్లీ మొదటినుంచి చెప్పింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

వచ్చే ఆదివారం ప్రదర్శన. మావారిని ముందు వరసలో కూర్చోమన్నాను.