రెండు నాబ్‌ల బేస్

బేస్ గిటార్ కొనబోయేవాళ్లు ముందుగా అడిగేది, ఇందులో ఎన్ని రకాల టోన్లు వస్తాయని. దుకాణంలో ఒక్కదాన్నే వాయించి చూస్తే ఈ ప్రశ్నకు జాజ్ బేస్ ఘనంగానే జవాబిస్తుంది. తీగ కంపనాన్ని పట్టే పికప్‌లు రెండు, ఒక్కోదానికి ఒక వాల్యూమ్, రెండింటికీ కలిపి ఒక టోన్. పక్కనున్న ప్రెసిషన్ బేస్‌కి ఒకే పికప్, రెండే నాబ్‌లు. అయినా ఏ పాటలోనైనా ఒదిగే బేస్ ఏదంటే నేను ప్రెసిషన్ అనే చెబుతాను. బేస్ ఒంటరిగా వాయించుకునే వాద్యం కాదు గదా. డ్రమ్స్, గిటార్లు, కీబోర్డు, పాడేవాళ్ల గొంతు అన్నీ చేరాక కూడా ఎన్ని రకాల పాటల్లో దాని స్వరం వినబడుతుందో, దాని సత్తాకు అదే కొలత.

ఆ కొలతకు ప్రెసిషన్ నిలవడానికి కారణం దాని పికప్‌లో ఉంది. గిటార్ల తయారీదారు లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్‌ని తెచ్చాడు. 1957లో దాని పికప్‌ని రెండు ముక్కలు చేసి, లావు తీగలు రెండింటికి ఒకటి, సన్న తీగలు రెండింటికి ఒకటి, కాస్త ముందూ వెనకగా అమర్చారు. చూడటానికి రెండున్నా ఒక్కో తీగను వినేది ఒక్క చోటే. 1960లో వచ్చిన జాజ్ బేస్ ప్రతి తీగనూ రెండు చోట్ల వింటుంది. తీగను బ్రిడ్జ్ దగ్గర మీటితే పదునుగా, దూరంగా మీటితే గుండ్రంగా పలుకుతుందని వీణ వాయించేవాళ్లకు తెలుసు. వినే చోటుకూ అదే లెక్క. రెండు పికప్‌లూ పూర్తిగా తెరిచినప్పుడు కొన్ని అతిస్వరాలు, అంటే మూలస్వరంతో పాటు పలికే పై స్వరాలు, ఎదురెదురుగా వచ్చి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. అలా పోయేది ఎక్కువగా నడిమి స్థాయిలోనే. ఒంటరిగా వింటే ఆ ధ్వని శుభ్రంగా, అందంగా ఉంటుంది, కాదనను. కానీ బేస్ అడుగు తీగ మూలస్వరం సుమారు 41 హెర్ట్‌జ్. చిన్న స్పీకర్లు దాన్ని దాదాపు పలకలేవు. పైనున్న అతిస్వరాలను బట్టే చెవి ఆ స్వరాన్ని పోల్చుకుంటుంది. ఇళయరాజా పాటల్లో విడిగా మరో బాణీలా నడిచే బేస్‌ని మామూలు టేప్ రికార్డర్లో కూడా మనవాళ్లు వెంబడించగలిగారంటే ఆ నడిమి స్థాయి చలవే. ప్రెసిషన్ బలమంతా సరిగ్గా అక్కడే ఉంది.

టోన్లు ఎక్కువుంటే మంచిదే కదా, అవసరమైనది ఎంచుకోవచ్చు కదా అని అడగొచ్చు. ఎంచుకోవచ్చు. కానీ ప్రెసిషన్‌లోనూ ఎంపికలున్నాయి, అవి నాబ్‌ల దగ్గర కాక చేతి దగ్గరా తీగల దగ్గరా ఉన్నాయి. డెట్రాయిట్‌లో మోటౌన్ పాటలకు వాయించిన జేమ్స్ జేమర్‌సన్‌ది 1962 ప్రెసిషన్. నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు, అవీ ఏళ్ల తరబడి మార్చనివి. బ్రిడ్జ్ మూత కింద తీగల్ని అదిమే ఫోమ్ ముక్క. మీటేది ఒక్క చూపుడు వేలే. ఐరన్ మెయిడెన్‌లో స్టీవ్ హారిస్‌దీ ప్రెసిషనే, తీగలూ ఫ్లాట్‌వౌండ్లే. కానీ అక్కడ వేళ్లు గుర్రం దౌడులా పరిగెడతాయి, తీగ మెట్లకు తగిలి టకటకమంటుంది. రామోన్స్‌లో డీ డీ రామోన్ అదే రకం బేస్‌ని పిక్‌తో వాయించాడు. సోల్, హెవీ మెటల్, పంక్: మూడింటికీ ఒకే పికప్ సరిపోయింది.

మరి గొప్పంతా చేతిదేనా, వాద్యం ఏదైనా ఒకటేనా? కాదు. మ్యూజిక్ మ్యాన్ 1976లో తెచ్చిన స్టింగ్‌రే లోపల బ్యాటరీతో నడిచే ప్రీయాంప్ ఉంటుంది, బ్రిడ్జ్ వైపు పెద్ద హంబకర్ పికప్ ఉంటుంది. షీక్ బృందంలో బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ దానిమీద వాయించిన బేస్ డాన్స్ పాటకే పునాది అయింది. అయితే ఎవరి చేతిలో ఉన్నా స్టింగ్‌రే తన పేరు తనే చెబుతుంది. ఆ పదును అక్కర్లేని పాటలో దాన్ని అణచడానికి కష్టపడాలి. జాజ్ బేస్‌కి మాత్రం ఒక చోట నేను మనస్ఫూర్తిగా ఓటేస్తాను. జాకో పాస్టోరియస్ మెట్లు తీసేసిన 1962 జాజ్ బేస్ మీద బ్రిడ్జ్ పికప్‌నే ఎక్కువగా నమ్ముకుని వాయించాడు. రెండో పికప్‌ని తగ్గించగానే, చెరిగిపోయిన ఆ నడిమి స్థాయి తిరిగొచ్చి స్వరం మనిషి గొంతులా పాడింది. బేస్ ముందుకొచ్చి పాడాల్సిన పాటకు అంతకు మించిన వాద్యం లేదు.