చివరి సున్న

కంప్యూటరుకు అక్షరమంటే అంకె. పదమంటే జ్ఞాపకంలో వరుసగా పేర్చిన అంకెలు. ఆ వరుస ఎక్కడ ముగుస్తుందో తెలిసేదెలా? 1970 దశకపు తొలినాళ్ళలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెనిస్ రిచీ రూపొందించిన 'సి' భాష ఇందుకు ఎంతో పొదుపైన మార్గం ఎన్నుకున్నది: పదం చివర ఒక సున్న. పొడవును వేరుగా రాసి ఉంచనక్కరలేదు. సున్న ఎదురయ్యేవరకు చదువుతూ పోతే చాలు.

పొడవును లెక్కించే 'స్ట్ర్‌లెన్', నకలు తీసే 'స్ట్ర్‌కాపీ' ఆ సున్ననే నమ్ముకుని పనిచేస్తాయి. చిక్కంతా నకలు దగ్గరే. ఎక్కడినుంచి తీయాలో, ఎక్కడ ఉంచాలో ఆ ప్రమేయానికి తెలుసు. ఉంచే చోటు ఎంతో తెలియదు. నిండిన గిన్నెలో ఇంకా పోస్తూనే ఉండే చేయి వంటిది అది. అయితే ఇక్కడ పొర్లినది నేలపాలు కాదు. పక్కనున్న సమాచారాన్ని చెరిపి ఆ స్థానంలో కూర్చుంటుంది.

1988 నవంబరు 2న రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి విడిచిపెట్టిన ప్రోగ్రాము వాడుకున్న దారులలో ఇదొకటి. 'గెట్స్' అనే ప్రమేయం నింపే 512 బైట్ల చోటులోకి అది 536 బైట్లు పంపింది. ఇంటర్నెట్‌లోని వేలాది యంత్రాలు దాని బారిన పడ్డాయి. చోటెంతో అడగడం చేతకాని ఆ 'గెట్స్'ను 2011 నాటి ప్రమాణంలో సి భాషనుంచి తొలగించారు.

అడిగినంత మాత్రాన చాలదు. 'మెమ్‌కాపీ' ఎన్ని బైట్లో అడుగుతుంది. చెప్పిన అంకె నిజమో కాదో విచారించదు. 2014లో బయటపడిన 'హార్ట్‌బ్లీడ్' లోపంలో జరిగినది అదే. అవతలివారు చెప్పిన పొడవును ప్రోగ్రాము పరీక్షించక నమ్మింది. ఒక్కొక్క అభ్యర్థనకు 64 కిలోబైట్ల వరకు పొరుగు జ్ఞాపకాన్ని అప్పగించింది. అందులో ఎవరివో రహస్య పదాలు కూడా ఉండవచ్చును.

కంటి లెక్కకూ యంత్రపు లెక్కకూ గల దూరం మన భాషలో మరింత ఎక్కువ. 'తెలుగు' చూపుకు మూడక్షరాలే. యూటీఎఫ్-8 పద్ధతిలో అది 18 బైట్లు. చివరి సున్నతో 19. పది బైట్లు ధారాళమని తలచి 'స్ట్ర్‌కాపీ'ని పిలిచినవాడు తన భాష పేరుతోనే పొరుగు సమాచారాన్ని పాడుచేస్తాడు.

సి భాష ప్రోగ్రాము రాసేవానిని పూర్తిగా నమ్ముతుంది. దాని వేగానికి ఒక మూలం ఆ నమ్మకమే. కనుక పోయకముందే గిన్నెను కొలవవలసిన బాధ్యత యంత్రానిది కాదు, మనిషిది. అతడు మరచిన కొలతకు మూల్యం చెల్లించేది మాత్రం తరచుగా అతనిని ఎన్నడూ ఎరుగని వారు.