చిక్కడపల్లి ముచ్చట్లు – 17: సహపంక్తి భోజనం, చర్చల బల్ల



2025 డిసెంబర్‌లో ఇండిగో విమానాలు వందల్లో రద్దయినప్పుడు, అశోక్‌నగర్‌లో గ్రూప్స్ చదివే తమ్ముడొకడు అడిగిండు: "సార్, లక్షల జీతం తీసుకునే పైలట్లకు యూనియన్ దేనికి?" రెండు ముక్కల్లో తేలే జవాబు కాదని ఇక్కడ రాస్తున్న.

ముందు పైలట్ల సంగతి. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెంచుతూ, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గిస్తూ 2024 జనవరిలోనే నియమాలొచ్చాయి. అమలు వాయిదా పడింది. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు పోతే గానీ 2025 జూలై, నవంబర్‌లలో రెండు విడతలుగా అమలు కాలేదు. అంత టైమున్నా దేశంలోనే పెద్ద కంపెనీ సరిపడా పైలట్లను సిద్ధం చేసుకోలేదు. విమానాలు ఆగిపోగానే డీజీసీఏ రాత్రి డ్యూటీ నియమాల నుంచి ఆ కంపెనీకే తాత్కాలిక మినహాయింపు ఇచ్చింది. నిద్ర పైలట్‌ది, వెసులుబాటు యాజమాన్యానిది! 2009లో జెట్ ఎయిర్‌వేస్ పైలట్లు సంఘం పెట్టుకుంటే ఇద్దరి ఉద్యోగాలు తీసేశారు. మిగతావాళ్లు మూకుమ్మడిగా సిక్ లీవ్ పెట్టాకే కంపెనీ దిగొచ్చింది.

సరే, విమానం మనకు దూరం. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గరే కదా.

2019 అక్టోబర్ 5న దాదాపు 48 వేల మంది ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగారు. ప్రభుత్వంలో విలీనం చేయాలన్నది ప్రధాన డిమాండ్. గడువులోపు డ్యూటీకి రానివాళ్లు వాళ్లంతట వాళ్లే ఉద్యోగం పోగొట్టుకున్నట్టని సర్కారు తేల్చేసింది. మా చిన్నాయన కండక్టర్. సెప్టెంబర్ జీతం రాకుండానే బతుకమ్మ వచ్చింది, దసరా వచ్చింది. పిన్ని పుస్తెలతాడు నారాయణగూడలో కుదువబెట్టింది. హైకోర్టు మాట్లాడుకోమంటే అక్టోబర్ 26న కూర్చున్నారు, విలీనం మాట ఎత్తనియ్యకపోవడంతో లేచారు. నవంబర్ 9న చలో ట్యాంక్‌బండ్ అంటే దారులన్నీ ముళ్లకంచెలే. 52 రోజుల తర్వాత జేఏసీ సమ్మె విరమిస్తే, డ్యూటీకి పోయినవాళ్లను డిపోల దగ్గరే పోలీసులు ఎత్తుకపోయారు.

ఇక డిసెంబర్ 1. డిపోకు ఐదుగురి చొప్పున కార్మికులను ప్రగతి భవన్‌కు పిలిచి ముఖ్యమంత్రి కేసీఆర్ వాళ్లతో కలిసి భోజనం చేశారు. ఆగిన జీతం, సమ్మె కాలం జీతం, 60 ఏళ్ల రిటైర్మెంట్, ఆడవాళ్లకు రాత్రి ఎనిమిదిలోపే డ్యూటీ ముగింపు — చాలా ఇచ్చారు, కాదనను. రెండేళ్లు యూనియన్ ఎన్నికలు మాత్రం ఉండవన్నారు. వాటి బదులు సంక్షేమ మండళ్లట.

ఆ వార్త చూసి మా తాత నవ్విండు. ఆయన చిన్నప్పుడు ఊరి పెద్దలు వాడకొచ్చి మనోళ్లతో సహపంక్తి భోజనం చేసిండ్రట. కూలి సంగతి ఎత్తంగనే చేతులు కడుక్కున్నరట. పంక్తిలో చోటు పిలిచినోడి దయ. బల్ల దగ్గర చోటు అట్లా కాదు, పది మంది ఓటేసి పంపితే కూర్చునేది. నేను గతంలో పనిచేసిన ఒక కాలేజీలో స్టాఫ్ కౌన్సిల్‌ను ప్రిన్సిపాలే ఎంచుకునేవాడు. మూడు నెలలు జీతాలు ఆగితే ఆ కౌన్సిల్ తీర్మానం కూడా చేసింది, అందరూ ఓపిక పట్టాలని.

యాజమాన్యం సంఘాన్ని గుర్తించి తీరాలని చట్టంలో రాయించడానికి 1943లో కార్మిక సభ్యుడి హోదాలో బిల్లు పెట్టింది బాబాసాహెబే. 1947లో సవరణ పాసైంది గానీ ఎన్నడూ అమల్లోకి తేలేదు. ఇప్పుడు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో 51 శాతం మద్దతున్న సంఘానికి గుర్తింపు ఉంది. దాంతోపాటే, సగం మంది కలిసి ఒకే రోజు క్యాజువల్ లీవ్ పెట్టినా సమ్మె కిందే లెక్క. ఒక చేత్తో ఇచ్చింది ఏ చేత్తో గుంజుకున్నారో చూడండి.

అట్లని యూనియన్ అనంగనే నేను చప్పట్లు కొట్టను. బొంబాయి మిల్లుల్లో నేత ఖాతాలోకి అంటరానివాళ్లను రానియ్యలేదు, దారం నోటితో పీల్చాలి కాబట్టి. ఎర్రజెండా సంఘాలు దాన్ని గట్టిగా అడగలేదు. 1938లో మన్మాడ్ రైల్వే కార్మికుల సభలో అంబేడ్కర్ బ్రాహ్మణీయాన్ని, పెట్టుబడిని రెండింటినీ శత్రువులన్నది ఊరికే కాదు. చిన్నాయనదీ అదే బాధ: "జెండా మేం మోసినం, మైకు వాళ్లు పట్టుకున్నరు." అయినా సమ్మెలో ఒక్కరోజు కూడా వెనక్కి రాలేదు. ఎందుకంటే మైకు కోసం లోపల కొట్లాడొచ్చు. సంఘమే లేకుంటే ఎక్కడ కొట్లాడాలి?

2023 ఆగస్టులో విలీన బిల్లు అసెంబ్లీలో పాసైంది. 2025 మేలో జేఏసీ మళ్లీ సమ్మెకు సిద్ధమై, సర్కారుతో మాట్లాడాక వాయిదా వేసుకుంది. యూనియన్లపై ఆంక్షలు ఎత్తేయాలన్నది ఆ డిమాండ్లలో ఒకటి.

అంబేడ్కర్ ఇంగ్లీషు రచనల 10వ సంపుటిలో ఆ 1942–46 నాటి ప్రసంగాలున్నాయి. ఆదివారం సాయంత్రం సుందరయ్య పార్కులో కూర్చుని 1943 బిల్లు భాగం చదువుదాం. చిన్నాయన కూడా వస్తనన్నడు.