పామేడు నుంచి భద్రాచలం రేవు దాకా

టికెట్టు మీద రోమ్ అని రాసి ఉన్న విహార నౌక రోమ్‌లో ఆగదు. చివిటవెక్కియా అనే రేవులో ఆగుతుంది. అక్కణ్నుంచి నగరం నడిబొడ్డుకు డెబ్భై, ఎనభై కిలోమీటర్లు. మన దగ్గరా అంతే. భద్రాచలం రోడ్ స్టేషన్లో రైలు దిగినవారు నిజానికి కొత్తగూడెంలో దిగుతారు. రాముడి గుడి ఇంకా నలభై కిలోమీటర్లు. ఓడకూ రైలుకూ ఒక వేళ ఉంటుంది, జవాబు చెప్పే సంస్థ ఉంటుంది. దిగిన తర్వాత ఊళ్లోకి చేరడం మాత్రం ఎవరి తిప్పలు వారివే. అలాంటి చివరి ముక్కే మొత్తం ప్రయాణంగా మారిన ఊరు పామేడు.

ఛత్తీస్‌గఢ్‌లో, బీజాపూర్ జిల్లా ఊసూరు బ్లాకులో, తెలంగాణ సరిహద్దుకు ఆనుకుని ఉంటుంది పామేడు. కోయలు, దోర్లలు ఉండే నేల. సంత భాషగా తెలుగు చెల్లుతుంది. చుట్టూ 1983లో అభయారణ్యంగా ప్రకటించిన అడవి. ఆ రాష్ట్ర జంతువైన అడవి గేదె కోసం కేటాయించిన చోట్లలో ఇదొకటి. పక్కన చింతవాగు. ఎండాకాలం ఇసుక మీద నడిచి దాటే ఆ వాగు వానలు పట్టాయంటే మనిషిని ఒడ్డునే నిలబెట్టేస్తుంది.

బీజాపూర్ 2007లో జిల్లా అయింది. పామేడుకు మాత్రం జిల్లా కేంద్రం దగ్గర కాలేదు. ఉత్తరాన సూటిగా పోవాల్సిన దారి మావోయిస్టుల ప్రాబల్యంలో, మందుపాతరల భయంలో దశాబ్దాల పాటు మూసుకుపోయింది. కలెక్టరు కచేరీకి వెళ్లాలన్నా, కాగితం మీద ఒక సంతకం కావాలన్నా మనిషి ముందు దక్షిణానికి దిగి తెలంగాణలో చర్ల చేరాల్సి వచ్చేది. అక్కడ బస్సెక్కి వెంకటాపురం, వాజేడు మీదుగా తార్లగూడ దగ్గర మళ్లీ సొంత రాష్ట్రంలో అడుగుపెట్టి, భోపాలపట్నం దాటి బీజాపూర్ చేరాల్సి వచ్చేది. రెండు వందల కిలోమీటర్ల చుట్టు తిరుగుడు. తన జిల్లా కేంద్రానికి వెళ్లడానికి పరాయి రాష్ట్రంలో టికెట్టు కొనాల్సి రావడం ఏ పౌరుడికీ ఉండకూడని కష్టం.

అందుకే పామేడు వాళ్ల కాళ్లు చర్ల వైపే నడిచాయి. ఉప్పూ నూనే కొనడం, మిరపకాయల కోతకు కూలికి రావడం, జ్వరమొస్తే డాక్టరుకు చూపించుకోవడం, అన్నీ ఇటే. పాతిక కిలోమీటర్ల దారి అది. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం అనే సాయుధ ఉద్యమం మొదలయ్యాక, రెండు వైపుల హింసా భరించలేక ఊళ్లు వదిలిన గుత్తికోయలు కూడా ఇలాంటి అడవి దారులు పట్టుకునే గోదావరి తీరానికి వచ్చారు. చర్ల మండలం అడవుల్లో వాళ్ల గూడేలు ఇవాళ్టికీ ఉన్నాయి. ఈ దారిని సంత దారి అనొచ్చు, ఆసుపత్రి దారి అనొచ్చు. నా మట్టుకు నాకు ఇది మొదట ప్రాణం కాపాడుకునే దారి.

చర్లకు దగ్గర్లో పెదమిడిసిలేరు వద్ద తాలిపేరు ప్రాజెక్టు కనిపిస్తుంది. ఎగువన ఛత్తీస్‌గఢ్ అడవుల్లో వాన కురిస్తే ఇక్కడ నీరు చేరుతుంది, గేట్లు లేస్తాయి. మొత్తం 25 గేట్లు. ప్రయాణికుడికి ఇంతకన్నా మంచి సూచన ఉండదు: తాలిపేరు గేట్లు ఎత్తారన్న వార్త వచ్చిందంటే ఎగువ వాగులన్నీ పొంగుతున్నట్టే. ఆ రోజు అడవి దారి పట్టకూడదు.

చర్ల నుంచి భద్రాచలం యాభై కిలోమీటర్ల పైమాట. దారి గోదావరి పక్కనే సాగుతుంది. మధ్యలో దుమ్ముగూడెం దగ్గర ఆగి చూడాలి, ఎందుకంటే ఒకప్పుడు ఈ అడవి గోదావరిని ఓడల దారి చేయాలని పెద్ద ప్రయత్నమే జరిగింది. బేరార్ పత్తిని నదిలో కిందికి దింపి సముద్రం రేవుకు చేర్చాలని సర్ ఆర్థర్ కాటన్ తలపెట్టాడు. 1860 ఒప్పందంలో నిజాం గోదావరి ఎడమ గట్టు తాలూకాలను బ్రిటిష్ వాళ్లకు వదులుకున్నాడు. నదిలో సరుకు రవాణాకు సుంకం ఉండకూడదన్న షరతు కూడా అందులోదే. రాళ్లు అడ్డుపడే మూడు చోట్ల ఆనకట్టలు, పడవలు ఎక్కి దిగే లాకులు, పక్క కాలవలు కట్టాలన్నది పథకం. మొదటిది దుమ్ముగూడెం. పని కెప్టెన్ హేగ్ చేతిలో నడిచింది. ఖర్చు పెరిగి, రైళ్లు ముందుకొచ్చి, 1871లో అంతా ఆపేశారు. ఆనకట్ట మిగిలింది. ఆ ఓడల దారి పూర్తయి ఉంటే చర్ల ఒక రేవు పట్నం అయ్యేదేమో. ఎగువ జనానికి బీజాపూర్ కంటే కాకినాడ దగ్గరయ్యేది. ఆ ఎడమ గట్టు తాలూకాల్లో చర్ల, నూగూరు తర్వాత 1909లో మద్రాసు ప్రెసిడెన్సీలో కలిశాయి, 1959లో భద్రాచలంతో పాటు ఖమ్మం జిల్లాకు వచ్చాయి. పరిపాలన గీతలు ఇన్నిసార్లు మారినా, రోగిని మంచం మీద మోసుకొచ్చేవాడి దారి ఒక్కటే.

భద్రాచలంలో గోదావరి ఎంత ఎత్తున ఉందో ప్రతి వానాకాలం రెండు తెలుగు రాష్ట్రాలూ కనిపెట్టుకుని ఉంటాయి. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు వంతెన మీద రాకపోకలు ఆపేశారు, చర్ల రోడ్డు తెగిపోయింది. అంటే అప్పట్లో పామేడు మనిషికి ఉత్తరాన భయం, దక్షిణాన నీళ్లు. ఇక్కడి ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే రోగులను ఏళ్ల తరబడి ఆదుకుంటోంది. ఆ సేవకు అందరూ చేతులెత్తి మొక్కాలి.

భద్రాచలం నుంచి పాపికొండల విహారానికి వెళ్లేవాళ్లదీ ఒక రకంగా ఇదే కథ. లాంచీ ఎక్కేది ఊళ్లో కాదు, పోచవరం రేవులో. అక్కడికి అడవి రోడ్డు మీద గంటల ప్రయాణం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగి ఎన్నో కుటుంబాలు ఆరిపోయాక లైఫ్ జాకెట్ల గురించి, అనుమతుల గురించి పట్టింపు పెరిగింది. నది మీద అలవాటైన ఆ జాగ్రత్త ఒడ్డు దిగాక కూడా ఉండాలి. చీకటి పడకముందే తిరుగు బండి చూసుకోవాలి, కిరాయి ముందే తేల్చుకోవాలి.

ఇప్పుడు ఉత్తరం దారి తెరుచుకుంది. బాసగూడ, తర్రెం, కొండపల్లి మీదుగా పామేడుకు రోడ్డు పడింది. 2025లో బస్సు కూడా నడిచింది. దూరం దాదాపు సగానికి తగ్గింది. ఈ రోడ్డు తేలిగ్గా రాలేదు. 2021 ఏప్రిల్ 3న తర్రెం ప్రాంతంలో జరిగిన కాల్పుల్లో 22 మంది జవాన్లు చనిపోయారు. ఆ తర్వాతి నెలలోనే సిల్గేరులో పోలీసు క్యాంపు వద్దని జనం నెలల తరబడి కూర్చున్నారు, వాళ్లలోనూ ప్రాణాలు పోయాయి. క్యాంపులతో పాటు వచ్చిన రోడ్డు కనుక అది ఎవరి కోసమన్న అనుమానం ఆ ఊళ్లలో ఉండటం సహజం. అనుమానం తీరేది ఉపన్యాసాలతో కాదు. అర్ధరాత్రి పురిటి నొప్పులు వచ్చిన ఆడబిడ్డ ఆ రోడ్డు మీద బీజాపూర్ చేరగలిగిన రోజున తీరుతుంది.

కాబట్టి ఛత్తీస్‌గఢ్, తెలంగాణ ప్రభుత్వాలు రెండింటికీ ఒక విన్నపం. వాన ఉన్నా ఎండ ఉన్నా పామేడు బస్సు రోజూ నడపండి. చింతవాగు వంటి వాగుల మీద వానాకాలం తట్టుకునే వంతెనలు కట్టండి. 108 బండి రాష్ట్ర సరిహద్దు చూసి ఆగకుండా, రోగికి చర్ల దగ్గరైతే చర్లకు, బీజాపూర్ దగ్గరైతే బీజాపూర్‌కు పోయేలా ఒక ఒప్పందం రాసుకోండి.