మచ్చలు పోయిన రోజు

మా అబ్బాయి డాలస్ వెళ్తూ నాకు రెండు అప్పగించాడు. ఒకటి వాడి మోటార్ సైకిల్, రెండోది హాల్లో ఉన్న ఉప్పునీటి చేపల తొట్టె. బండి నెల తిరక్కుండా అమ్మేశాను. తొట్టెని మాత్రం నాలుగేళ్ళుగా చూసుకుంటున్నాను.

అది 200 లీటర్ల తొట్టె. అందులో రెండు క్లౌన్ చేపలు, ఒక కార్డినల్, ఇసుకలో బొరియ చేసుకుని ఉండే గోబీ, ఎర్ర చారల రొయ్య, రాళ్ళకి అతుక్కుని కొన్ని పగడాలు ఉండేవి. మాది విశాఖపట్నం. మేడ ఎక్కితే సముద్రం కనిపిస్తుంది. అలాంటి ఊళ్ళో ఉంటూ నేను ఉప్పు ప్యాకెట్లు కొని ఆర్వో నీళ్ళలో కలుపుతుంటే, "బకెట్ పట్టుకెళ్తే బోలెడు నీళ్ళు కదండీ" అని మా ఆవిడ నవ్వేది. ఒడ్డు నీళ్ళలో ఏమేం కలుస్తాయో తెలియదు, వద్దన్నాడు అబ్బాయి. వాడు చెప్పినవన్నీ ఒక నోట్‌బుక్కులో రాసుకున్నాను. మొదటి పేజీలోనే ఎర్ర సిరాతో ఉంది: "కొత్త చేపని నెల రోజులు వేరుగా ఉంచాకే తొట్టెలో వెయ్యాలి."

అన్నీ పాటించాను, ఆ ఒక్కటి తప్ప.

మా మనవడికి ఐదేళ్ళు. వీడియో కాల్‌లో తొట్టె చూపించినప్పుడల్లా, "తాతా, నీమో ఉంది, మరి డోరీ ఏది?" అనేవాడు. సంక్రాంతికి వాళ్ళు వస్తున్నారు. వచ్చేసరికి డోరీ ఉంటే వాడి మొహం ఎలా వెలిగిపోతుందో అనుకున్నాను. అక్టోబరు ఆఖరున దుకాణంలో సరిగ్గా ఆ నీలం రంగు టాంగ్ చేప కనిపించింది. చురుగ్గా ఈదుతోంది, మేత తింటోంది, ఒంటి మీద చిన్న మచ్చ కూడా లేదు. ఇంత ఆరోగ్యంగా ఉన్నదానికి నెల రోజుల జైలెందుకు? సంచిని నీళ్ళలో కాసేపు తేలనిచ్చి, చేపని తొట్టెలోకి వదిలేశాను.

ఐదో రోజు దాని రెక్కల మీద ఉప్పు రవ్వలు చల్లినట్టు తెల్లటి చుక్కలు కనిపించాయి. మాటిమాటికీ రాయికేసి ఒళ్ళు రుద్దుకుంటోంది. భీమవరంలో రొయ్యల చెరువులున్న మా బావమరిదికి ఫోన్ చేశాను. "వైట్ స్పాటా! ఇంకేముంది బావా, చెరువు పట్టేసుకోవడమే" అన్నాడు. రొయ్యలకి వచ్చేది వైరస్. చేపలకి వచ్చే ఈ చుక్కల జబ్బు ఒక పరాన్నజీవి పని. పేరు ఒకటే, రోగం వేరు. ఆ సంగతి నాకప్పుడు తెలియదు. చిన్నప్పుడు గోల్డ్ ఫిష్‌కి చేసినట్టే నీళ్ళ వేడి రెండు డిగ్రీలు పెంచి కూర్చున్నాను.

మూడు రోజుల్లో చుక్కలన్నీ మాయం! మా ఆవిడకి చూపించి, "చూశావా, డాక్టర్ని" అని మీసం తిప్పాను. ఆ పూట నాకున్నంత గర్వం రిటైర్మెంట్ సన్మానంలో కూడా లేదు.

పది రోజుల తర్వాత ఒక పొద్దున లైటు వేస్తే, టాంగ్ ఒక్కటే కాదు, అన్ని చేపలూ పిండి చల్లినట్టు ఉన్నాయి. ఊపిరి అందక నీళ్ళ పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. మర్నాటికి కార్డినల్ పోయింది. ఆ రాత్రే క్లౌన్ జతలో చిన్నది, మగది, పోయింది. ఆ జతని మా వాడు తొమ్మిదేళ్ళ క్రితం మొదటి జీతంతో కొన్నాడు.

దుకాణంలో పనిచేసే కుర్రాడు నా గోడంతా విని ఒకటే మాట అన్నాడు. "సార్, ఆ రోజు మచ్చలు తగ్గలేదు. కిందకి దిగాయంతే."

వాడు చెప్పిందాన్ని బట్టి నాకు బోధపడింది ఇది. ఈ పురుగు చేప చర్మంలో, మొప్పల్లో దూరి మూడు నుంచి ఏడు రోజులు తిని బలుస్తుంది. తర్వాత రాలి, ఇసుక మీదో రాయి మీదో గట్టి పెంకు కట్టుకుని లోపల విడిపోతూ ఉంటుంది. ఒక్కో పెంకులోంచి వందల పిల్లలు బయటికొస్తాయి. వాటికి ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చస్తాయి. చర్మం కింద ఉన్నప్పుడు దాన్ని మందు అంటదు, పెంకులో ఉన్నప్పుడూ అంటదు. బయట ఈదే ఆ ఒకటి రెండు రోజులే మనకి చిక్కేది. నేను మీసం తిప్పిన రోజున అది నా తొట్టె అడుగున సంసారం పెంచుకుంటోంది.

మందు రాగిది. "రాగి చెంబులో నీళ్ళు ఒంటికి మంచివే కదా, తొట్టెలో పొయ్యండి" అంది మా ఆవిడ. అక్కడే ఉంది చిక్కు. చేపకి మందైన రాగి రొయ్యకీ పగడానికీ విషం. పైగా రాళ్ళూ ఇసుకా రాగిని పీల్చేసుకుంటాయి. అందుకని నవంబరు 15న మిగిలిన మూడు చేపల్నీ వెనక గదిలో 80 లీటర్ల ప్లాస్టిక్ టబ్బులోకి మార్చాను. అందులో ఒక స్పాంజ్ ఫిల్టరు, హీటరు, దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు. ఇసుక లేదు, రాయి లేదు. నేను వాడిన రకం మందుకి లీటరుకి 2 నుంచి 2.5 మిల్లీగ్రాముల రాగి ఉండాలి. మూడు రోజుల్లో మెల్లగా ఆ మోతాదుకి తెచ్చి, రోజూ టెస్ట్ కిట్‌తో చూస్తూ 30 రోజులు నిలబెట్టాలి. తొట్టెలో ఒక్క చేప కూడా లేకుండా 76 రోజులు ఖాళీగా ఉంచాలి. అప్పటికి పెంకుల్లోంచి వచ్చినవన్నీ తిండి లేక చస్తాయి. లెక్క వేస్తే జనవరి 30 తేలింది. సంక్రాంతి దాటిపోతుంది.

ఇక అసలు తప్పు చెబుతాను. ఇన్నాళ్ళూ అబ్బాయికి ఏమీ చెప్పలేదు. కాల్ చేసినప్పుడల్లా కెమెరా మా ఆవిడ వైపు తిప్పేవాణ్ణి. "చేపలేవి నాన్నా?" అంటే, "రాళ్ళ వెనక పడుకున్నాయిరా" అనేవాణ్ణి. అరవై నాలుగేళ్ళ వయసులో చేపల గురించి కొడుకుతో అబద్ధాలు!

మోతాదు కుదిరిన తొమ్మిదో రోజు టబ్బులో అమ్మోనియా పెరిగింది. కంగారులో 30 లీటర్లు తీసి కొత్త నీళ్ళు పోశాను. ఆ నీళ్ళకి రాగి కలపాలన్న మాటే మర్చిపోయాను. మర్నాడు చూస్తే మోతాదు 1.4కి పడిపోయింది. ఎంత కలపాలో చేయి ఆడలేదు. ఎక్కువైతే చేప పోతుంది, తక్కువైతే పురుగు బతుకుతుంది. అర్ధరాత్రి అబ్బాయికి ఫోన్ చేసి అంతా చెప్పేశాను, క్లౌన్ చేప పోయిందని కూడా.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత లెక్క కట్టి ఎన్ని మిల్లీలీటర్లు వెయ్యాలో, ఎన్ని విడతల్లో వెయ్యాలో చెప్పాడు. "30 రోజులూ మళ్ళీ ఒకటి నుంచి మొదలు నాన్నా" అన్నాడు. పెట్టేసే ముందు మెల్లగా అన్నాడు. "మొదటి ఏడాది నేనెన్ని చంపానో నీకు తెలియదు. దండగ అని తిడతావని రాత్రికి రాత్రి పారేసి, పొద్దున్నే అలాంటివే కొనుక్కొచ్చేవాణ్ణి. ఆ ఎర్ర సిరా ఊరికే రాలేదు."

నేను తిట్టేవాణ్ణే. నాకు గుర్తుంది.

డిసెంబరు ఆఖరుకి మందు నెల పూర్తయింది. మూడు చేపలూ నిలిచాయి. మళ్ళీ చుక్క కనిపించలేదు. అయినా తొట్టె గడువు తీరేదాకా వాటిని మందు లేని నీళ్ళలో అదే టబ్బులో ఉంచాను. వలలు, గొట్టాలు దేనివి దానికే. టబ్బులో పెట్టిన చేయి ఆరకుండా తొట్టె దగ్గరికి వెళ్ళేవాణ్ణి కాదు.

పండక్కి మనవడు వచ్చాడు. హాల్లో తొట్టె ముందు నిలబడి, ఒంటరి రొయ్యని చూసి బిక్కమొహం వేశాడు. వెనక గదికి తీసుకెళ్ళి టబ్బు చూపించాను. పైపులోంచి టాంగ్ బయటికి రాగానే కేక పెట్టాడు. "ఇప్పుడు పెద్దదాంట్లో వేసెయ్ తాతా!"

"ఇంకా పదహారు రోజులుందిరా" అన్నాను. మా వాడు నా వైపు చూశాడు, ఏమీ అనలేదు. తర్వాత వాడే కొడుక్కి సర్ది చెప్పాడు. డోరీ పెరిగితే మన తొట్టె చాలదు, కొన్నాళ్ళకి పెద్ద తొట్టె ఉన్నవాళ్ళకి ఇచ్చేయాలని కూడా అప్పుడే చెప్పాడు. ఆ లెక్క కూడా నేను కొనేముందు చూసుకోలేదు.

క్వారంటైన్ అన్న మాటకి మూలం నలభై రోజులట. ఒకప్పుడు వెనిస్ రేవులో ఓడల్ని అన్ని రోజులు ఆపేవారట. కరోనా రోజుల్లో పద్నాలుగు రోజులకే నేను విసుక్కున్నాను.

జనవరి 30న చేపల్ని తొట్టెలోకి మార్చాను, వీడియో కాల్‌లో మనవడు చూస్తుండగా. పెద్ద క్లౌన్ చేప నేరుగా తన పాత మూలకి పోయింది. దానికి జతగా తెచ్చిన చిన్న క్లౌన్ ఇప్పుడు వెనక గది టబ్బులో ఉంది. ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. ఇవాళ పదకొండో రోజు.